స్పీకర్ ఎప్పుడు ఆగింది? మా ఇంటి వైఫై పాటల డైరీ

జూన్ 1, ఆదివారం

రాజమండ్రిలో మాది పాతికేళ్ళ కిందట కట్టిన ఇల్లు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, కిందికీ పైకీ మధ్య ఆర్‌సీసీ స్లాబు. హాల్లో పెట్టిన పాట వంటింట్లోనూ, మేడ మీద గదిలోనూ అదే క్షణాన వినిపించాలి. అదీ ఇంట్లో ఉన్న సామానుతోనే. వేసవి మొదట్లో ఈ పని ఎత్తుకున్నాను.

హాల్లో నాన్న పాత యాంప్లిఫయర్, రెండు పెట్టె స్పీకర్లు ఉన్నాయి. వాటికి రాస్ప్‌బెర్రీ పై 3బి ప్లస్ అనే చిన్న కంప్యూటర్ (ఇకమీదట ఇలాంటివాటిని 'పై' అంటాను), దాని మీద అంకెల్లో ఉన్న పాటని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డాక్ బోర్డు తగిలించాను. వంటింట్లో పై జీరో 2 డబ్ల్యూ, పీసీఎం5102ఏ డాక్, 5 వోల్టుల మీద నడిచే పామ్8403 అనే చిన్న యాంప్లిఫయర్, పాత కారులోంచి తీసిన జత స్పీకర్లు. మేడ మీద ఇంకో 3బి ప్లస్. మూడింటినీ ఒకే తాళంలో నడిపేది స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని సర్వర్ నాన్న గదిలో బల్ల మీదున్న పాత ల్యాప్‌టాప్‌లో ఉంది. అదే గదిలో బజార్లో కొన్న వైఫై స్పీకర్ కూడా ఒకటి ఉంది. దాన్ని ఈ గుంపులో కలపలేదు, ఇంటి నెట్‌వర్కు మీద పాట పంపే డీఎల్‌ఎన్‌ఏ అనే పద్ధతిలో ఫోన్లోంచి విడిగా వాడతాం.

అన్నీ పలుకుతున్నాయి. కానీ పలికినంతసేపు పలికి ఆగిపోతున్నాయి. వంటింట్లో పాట మధ్యమధ్య తెగుతోందని అమ్మ. హార్డ్ డిస్కులో పాత పాటలు పెడితేనే నత్తి వస్తోంది, రేడియో మాత్రం బాగానే వస్తోందని నాన్న. "పైనుంచి చూస్తే మావయ్యగారి గదిలో స్పీకర్ జాబితాలో కనిపించట్లేదండీ, కిందికి దిగితే కనిపిస్తోంది" అని మా ఆవిడ. ముగ్గురు చెప్పినవీ మూడు వేర్వేరు రోగాల లక్షణాల్లాగే ఉన్నాయి నాకు.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా స్పీకర్‌ని రీసెట్ కొట్టి మళ్ళీ కలపమని. దానికి నేను ఒప్పుకోను. రీసెట్‌తో కాసేపు బాగవుతుంది, దాంతోపాటు కారణం తాలూకు ఆనవాళ్ళూ చెరిగిపోతాయి. నెట్ ప్లాను పెంచమనేది రెండో సలహా. అదీ ఇక్కడ పనికొచ్చేది కాదు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, రెండు ఛానెళ్ళ పాటకి ఏమాత్రం కుదించకుండా పంపినా సెకనుకి 1.536 మెగాబిట్లు చాలు, స్నాప్‌కాస్ట్ దాన్ని ఫ్లాక్ అనే నాణ్యత చెడని పద్ధతిలో ఇంకా కుదించే పంపుతుంది. పాటకి కావలసింది వేగం కాదు, ప్రతి ముక్కా వేళకి చేరడం.

అందుకని ముందు వేళలు పట్టుకోవాలనుకున్నాను. వంటింటి గోడ మీద పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది, దానికి పెన్ను కూడా కట్టే ఉంది. "అమ్మా, పాట తెగినప్పుడల్లా టైము ఆ తేదీ గడిలో రాసిపెట్టు, ఇంకేమీ చెయ్యకు" అన్నాను. "ఎన్నని రాయనురా" అంది గానీ ఒప్పుకుంది.

జూన్ 3, మంగళవారం

సులువుగా తేలేది ముందు తేల్చేశాను. కింద హాల్లో ఫైబర్ కనెక్షన్ వాళ్ళు పెట్టిన బాక్సు ఉంది. మేడ మీద మేం కొన్న రౌటర్ ఉంది. రెండూ ఎవరికి వారే రౌటర్లుగా పనిచేస్తూ వేర్వేరు నెట్‌వర్కులు నడుపుతున్నాయి. కింద చిరునామాలు 192.168.1తో మొదలవుతుంటే పైన 192.168.0తో మొదలవుతున్నాయి. మేడ మీది ఫోను నెట్ చూడగలదు గానీ కింది స్పీకర్‌ని వెతకలేదు. వెతుకులాట సందేశాలు మామూలుగా రౌటర్ దాటి అవతలికి వెళ్ళవు.

మేడ మీది రౌటర్‌ని సొంత నెట్‌వర్కు నడపకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చాను. ఇక చిరునామాలు పంచే పని కింది బాక్సు ఒక్కదానిదే. మూడు పైలకీ వాటి మ్యాక్ నంబరును (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) బట్టి స్థిరమైన చిరునామాలు కేటాయించాను. మార్చాక మా ఆవిడ ఫోన్లో నాన్న గది స్పీకర్ పేరు కనిపించింది. కాసేపటికి మళ్ళీ పోయింది. అంటే దాని వెనక ఇంకోటి ఉంది, తర్వాత చూస్తాను.

హాల్లోని రాస్ప్‌బెర్రీ పైకి వైరు వేసేశాను, నెట్‌వర్కు వైర్లు కలిపే స్విచ్ పక్కనే ఉంది కాబట్టి. వైరు వెయ్యగలిగిన చోట వైఫై గురించి ఆలోచించనే అక్కర్లేదు.

జూన్ 8, ఆదివారం

క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచి కూర్చున్నాను. అమ్మ చాలా శ్రద్ధగా రాసింది. పాల లెక్క పక్కన చిన్న అంకెలు: 5.50, 5.55, 7.10, 1.05, రాత్రి 8.40. మర్నాడూ దాదాపు అవే వేళలు. ఆ తర్వాతి రోజూ అంతే. మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్క అంకె లేదు, ఆ వేళల్లో కూడా వంటింట్లో పాట నడుస్తూనే ఉంటుంది.

అంటే సిగ్నల్ పొద్దస్తమానం బలహీనంగా ఉండటం కాదు. ఏదో ఒకటి వేళకి వచ్చి పాటని పడగొడుతోంది.

7.10 పిల్లకి పాలు వేడిచేసే వేళ. 1.05 అన్నాల దగ్గర కూరలు వేడిచేసే వేళ. 8.40 కూడా అంతే. మూడింటికీ ఓవెన్ పనిచేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వంటింట్లో ఉన్న జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప వేరేది లేదు. ఓవెన్ తలుపు, డబ్బా ఆ శక్తిని మనిషికి హాని లేనంతగా ఆపుతాయి గానీ, వైఫై వినే సిగ్నల్ ఎంత సన్ననిదంటే బయటికి వచ్చే ఆ కొంచెం కూడా దాన్ని ముంచేస్తుంది.

పరీక్ష పెట్టాను. ఓవెన్‌లో ఒక గ్లాసు నీళ్ళు పెట్టి (ఖాళీగా మాత్రం ఎప్పుడూ నడపకూడదు), ల్యాప్‌టాప్ నుంచి వంటింట్లోని రాస్ప్‌బెర్రీ పైకి వరుసగా పింగ్‌లు (వెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పే చిన్న సందేశాలు) పంపాను. మామూలప్పుడు ఒక్క అంకెలో ఉన్న మిల్లీసెకన్లు ఓవెన్ మొదలవగానే వందల్లోకి వెళ్ళాయి, మధ్యలో కొన్ని అసలు తిరిగి రాలేదు. ఓవెన్ గంట కొట్టి ఆగిన వెంటనే మళ్ళీ మామూలే. మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు ఓవెన్‌లోని మ్యాగ్నెట్రాన్ ప్రతి ఆవృత్తిలో సగం సేపే వెలుగుతుంది, అంటే సుమారు 10 మిల్లీసెకన్లు ఉండి 10 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ ఖాళీల్లో వైఫై కొంత దూరుతుంది కాబట్టే పాట పూర్తిగా చావకుండా తెగుతూ వస్తోంది.

ఓవెన్‌ని మార్చలేను, వైఫైని మార్చగలను. ఫైబర్ బాక్సు సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే 2.4లో ఛానెల్ ఆటో, వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఈ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే, అదీ వెడల్పు 20 ఉంటేనే. 40 పెడితే దాదాపు పట్టీ సగం మనమే ఆక్రమించి, పక్కింటి వైఫైతోనూ ఓవెన్‌తోనూ తగువు తెచ్చుకున్నట్టే. వెడల్పు 20కి తగ్గించి ఛానెల్ 1లో నిలిపాను. దాని నడిమి 2412 మెగాహెర్ట్జ్, ఓవెన్ గోలకి 1, 6, 11లో అదే ఎక్కువ ఎడం.

బాక్సు చోటు కూడా మార్చాను. టీవీ వెనక, ఇనప బీరువాకి ఆనుకుని ఉంది అది. వంటింటికి వెళ్ళే సిగ్నల్ ఆ బీరువాని తప్పించుకుని వెళ్ళాలి. ఫైబర్ తీగ కొంచెం మిగిలి ఉండటంతో షోకేసు పైకి ఎత్తాను. వంచేటప్పుడు జాగ్రత్త, ఫైబర్‌ని మడత పెడితే లోపల విరుగుతుంది. వంటింట్లోని రాస్ప్‌బెర్రీ పై చూపించే సిగ్నల్ −71 డీబీఎం నుంచి −62కి వచ్చింది (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ). పాటకి −67 కంటే మెరుగ్గా ఉంటే ధైర్యంగా ఉండొచ్చు.

మళ్ళీ గ్లాసు నీళ్ళు, మళ్ళీ పింగ్. ఇంకా అదురుతోంది గానీ వందలు లేవు, పోయినవీ లేవు.

జూన్ 10, మంగళవారం

7.10, 1.05, 8.40 క్యాలెండర్ మీంచి పోయాయి. 5.50, 5.55 పోలేదు.

పొద్దున్న ఆరుకి ముందు ఓవెన్ ఎవరూ ముట్టుకోరు. ఆ వేళకి అమ్మ పెట్టేది సన్నాయి మేళం. "రోజూ డోలు వచ్చిన చోటే ఆగుతుందిరా, ఉత్త సన్నాయికి ఏమీ అవదు" అంది. నాకు ఈ మాట కంటే మంచి కొలత ఇంకోటి దొరికేది కాదు. పాటలో ఫలానా చోట ఆగుతోందంటే గాల్లో తేడా కాదు, కరెంటులో తేడా.

వంటింటి పెట్టెలో రాస్ప్‌బెర్రీ పైకీ యాంప్లిఫయర్‌కీ ఒకటే 5 వోల్టుల అడాప్టర్. మల్టీమీటరు ఒక ముల్లు రాస్ప్‌బెర్రీ పై 2వ పిన్ను మీద, ఇంకోటి 6వ పిన్ను మీద పెట్టి చూశాను. పాట లేనప్పుడు 4.95. వాల్యూమ్ పెంచి డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అంకె 4.6 దాకా జారుతోంది. మీటరు నెమ్మది మనిషి, అసలు గుంట అంతకంటే లోతుగానే ఉండాలి. డోలు దెబ్బకి యాంప్లిఫయర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, సన్నని యూఎస్‌బీ తీగలో వోల్టేజీ పడిపోతుంది, పై వైఫై వదిలేస్తుంది. ఒక్కోసారి మొత్తం మళ్ళీ మొదలవుతుంది కూడా. 5.50కీ 5.55కీ మధ్య ఉన్న ఎడం పై తిరిగి లేచి మళ్ళీ పాట అందుకుని మళ్ళీ పడేదాకా పట్టిన సమయం.

యాంప్లిఫయర్‌కి వేరే అడాప్టర్ ఇచ్చాను. రెండింటి గ్రౌండు మాత్రం కలిపే ఉంచాలి, లేకపోతే హమ్ వస్తుంది. యాంప్లిఫయర్ కరెంటు కాళ్ళ దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ప్లస్ మైనస్ చూసుకుని టంకం పెట్టాను. ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై దగ్గర డోలుకి కూడా 4.9 కిందికి దిగట్లేదు.

ఒకే పెట్టెలో ఒకే రకంగా ఆగే పాటకి రెండు కారణాలు ఉన్నాయి. వేళలు లేకుండా చూస్తే ఛానెల్ మార్చాక కూడా ఆగుతోంది కాబట్టి ఛానెల్‌తో లాభం లేదని అనుకునేవాళ్ళం. చాలామంది ఇక్కడే చాలించుకుని స్పీకర్ని మూల పడేస్తారు.

జూన్ 12, గురువారం

మేడ మీది రాస్ప్‌బెర్రీ పైకి పింగ్ పంపితే అంకెలు వింతగా ఉన్నాయి: 5, 90, 8, 104, 60. సిగ్నల్ −50, బ్రహ్మాండంగా ఉంది. ఇది వైఫై చిప్పు కునుకు తీసే పద్ధతి. కరెంటు పొదుపు కోసం మధ్యమధ్య నిద్రపోయి, రౌటర్ క్రమం తప్పకుండా పంపే బీకన్ అనే పిలుపు వేళకి లేచి తనకేమైనా ఉందా అని చూస్తుంది. బీకన్లు మామూలుగా 102.4 మిల్లీసెకన్లకి ఒకటి వస్తాయి, అందుకే ఆలస్యం వంద దగ్గర ఆడుతోంది. బ్యాటరీ మీద నడిచే ఫోనుకి అది అవసరం, గోడ ప్లగ్గులో ఉండే స్పీకర్‌కి కాదు. పైలో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 2 అని రాస్తే ఆ నిద్ర ఆగుతుంది, కరెంటు పోయి వచ్చినా అలాగే నిలుస్తుంది. వంటింట్లో దానికీ అదే పెట్టాను.

మేడ మీది రాస్ప్‌బెర్రీ పైకి 5 గిగాహెర్ట్జ్ కూడా వచ్చు కాబట్టి దాన్ని అందులోకి మార్చి ఛానెల్ 44లో ఉంచాను. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళలో రౌటర్ రాడార్ సిగ్నల్ విన్నదంటే ఆ చోటు ఖాళీ చెయ్యాలి. పాటల కోసమైతే వాటి జోలికి పోకపోవడమే నయం.

జూన్ 14, శనివారం

నాన్న ఫిర్యాదు. డిస్కులో పాటలకి నత్తి, రేడియోకి లేదు. డిస్కు పాడైందేమోనని ఆయన బెంగ, ఎన్నో ఏళ్ళుగా పోగేసిన పాటలు అందులో ఉన్నాయి. ముందు వాటికి ఇంకో కాపీ తీసిపెట్టాను. డిస్కు పరీక్షలో లోపమేమీ లేదు.

ల్యాప్‌టాప్ 2.4లోనే ఉంది, డిస్కు యూఎస్‌బీ 3 పోర్టులో ఉంది. యూఎస్‌బీ 3 తీగలో డేటా పరిగెత్తేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ గోల పుడుతుందని ఇంటెల్ వాళ్ళే 2012లో ఒక పత్రంలో కొలిచి చూపించారు. డిస్కు చదివినప్పుడల్లా ఆ గోల పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ యాంటెన్నా చెవిలో పడుతోంది. రేడియో పెట్టినప్పుడు డిస్కు తిరగదు, గోలా ఉండదు. డిస్కుని ల్యాప్‌టాప్ రెండో వైపున్న యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చగానే నత్తి పోయింది. పాటలు చదవడానికి ఆ వేగం ఎంతో ఎక్కువే. సర్వర్ గాల్లో ఉండటం ఎలాగూ మంచిది కాదని సాయంత్రం హాల్లోంచి దానికీ వైరు లాగాను.

"ఇంకో కాపీ ఎక్కడ పెట్టావ్?" అని నాన్న రెండుసార్లు అడిగారు. చూపించాను.

జూన్ 15, ఆదివారం

ఇవాళంతా కనిపించకుండా పోయే స్పీకర్ మీదే కూర్చున్నాను. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ముడి ఇదే.

తెలిసినవి ఇవి. నాన్న గదిలోని స్పీకర్‌ని ఆపి మళ్ళీ వేస్తే మేడ మీద ఫోన్ల జాబితాలో పేరు వస్తుంది. కాసేపటికి పోతుంది. కింద ఫోన్లలో మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పేరు పోయాక కూడా అప్పటికే నడుస్తున్న పాట ఆగదు. అంటే దారి ఉంది, పాట దాని మీదే వెళ్తోంది. పోయింది వెతుకులాట ఒక్కటే.

డీఎల్‌ఎన్‌ఏలో ఫోను స్పీకర్లని వెతికే తీరు పెళ్ళి పందిట్లో నిలబడి "వంటవాళ్ళు ఎవరండీ" అని కేకేసినట్టు ఉంటుంది. 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకి, 1900 పోర్టుకి ఫోను ఒక ప్రశ్న వదులుతుంది, దాన్ని వినడానికి పేరు నమోదు చేసుకున్న స్పీకర్లు జవాబిస్తాయి. ఆ కేక స్పీకర్ దాకా చేరట్లేదు.

గడియారం పెట్టుకుని, స్పీకర్ వేసి, మేడ మీది ఫోన్లో వెతుకుతూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు దాటాక, ఐదు నిండకముందే పేరు పోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అక్కడే. ఈ లెక్క నెట్‌వర్కుల పని తెలిసినవాళ్ళకి పరిచయమే: 260 సెకన్లు.

హాల్లో ఉన్న స్విచ్ ఒక ఆఫీసు మూసేస్తుంటే తీసుకున్నది, సెట్టింగులు మార్చుకునే రకం. దాంట్లో ఐజీఎంపీ స్నూపింగ్ వేసి ఉంది, ఎవరూ నమోదు చేసుకోని ఉమ్మడి సందేశాలను ఆపెయ్యమని కూడా ఉంది. స్నూపింగ్ అంటే ఉమ్మడి సందేశాలను అన్ని పోర్టులకీ వదలకుండా అడిగినవాళ్ళకే పంపడం. స్పీకర్ వెలిగినప్పుడు 'నాకు కావాలి' అని ఒకసారి చెబుతుంది, స్విచ్ రాసుకుంటుంది. ఆ తర్వాత క్వెరియర్ అనే ఒకరు 125 సెకన్లకోసారి 'ఇంకా ఎవరికి కావాలి' అని అడుగుతూ ఉండాలి. రెండు విడతలు, జవాబుకి ఇంకో 10 సెకన్లు కలిపి 260 సెకన్లు చూసి, జవాబు రాకపోతే స్విచ్ ఆ పేరు కొట్టేస్తుంది. ఆఫీసులో పెద్ద రౌటర్ అడిగేది కాబోలు. మా ఇంట్లో అడిగేవాళ్ళే లేరు. అడగలేదు కాబట్టి స్పీకర్ చెప్పలేదు, చెప్పలేదు కాబట్టి స్విచ్ మరిచిపోయింది. కింద ఫోన్లు ఫైబర్ బాక్సు వైఫైలోనే ఉండటం వల్ల స్విచ్ దాటే పని లేదు, వాటికి పేరు పోలేదు.

ఇలాంటి చిన్న ఇంట్లో స్నూపింగ్‌తో లాభం లేదు. ఆపేశాను. టీవీ ప్రసారాలు మల్టీకాస్ట్‌లో, అంటే ఇలాంటి ఉమ్మడి సందేశాలుగా వచ్చే ఇళ్ళలో మాత్రం ఆపకుండా, స్విచ్‌లోనే క్వెరియర్ వెయ్యడం మేలు. ఆపాక సాయంత్రం దాకా పేరు అలాగే ఉంది. మా ఆవిడ పైనుంచే పాట పెట్టి "ఇప్పుడు వచ్చిందండీ" అని కేకేసింది.

వేరే ఇళ్ళలో ఇదే లక్షణం కనిపిస్తే రౌటర్లో ఏపీ ఐసొలేషన్ (వైఫైలో ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఆపేది) లేదా అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్ వేసి ఉందేమో ముందు చూడాలి. వాటిలో పేరు అసలు మొదటినుంచీ కనిపించదు. కనిపించి పోతే మాత్రం స్విచ్ వైపు చూడాలి.

జూన్ 19, గురువారం

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మూడు పైలూ వాటంతట అవే పాట అందుకున్నాయి, స్నాప్‌కాస్ట్ సర్వర్ దొరికేదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కొన్న స్పీకర్ మాత్రం అర నిమిషంలో లేచి, వైఫై లేదని చూసి, కొత్తగా కలపమని దీపం మిణుకుతూ ఉండిపోయింది. ఫైబర్ బాక్సు లేచి వైఫై ఇవ్వడానికి రెండు నిమిషాలకి పైగా పడుతోంది. స్పీకర్‌లో మార్చుకునే సెట్టింగు ఏదీ లేదు. అందుకని బాక్సే పడిపోకుండా చూశాను: రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్, 12 వోల్టులది. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు, పిన్ను సైజు చూసుకోవాలి. స్విచ్ 5 వోల్టులది కాబట్టి దానికి అదే యూపీఎస్‌లో యూఎస్‌బీ పోర్టు సరిపోయింది. మెయిన్ ఆపి మళ్ళీ వేసి చూశాను, స్పీకర్ లేవగానే వైఫై దొరికింది.

జూన్ 22, ఆదివారం

అన్నీ నిలకడగా ఉన్నాక ఇవాళ స్నాప్‌కాస్ట్ బఫర్ (పాటని ముందుగా కొంత నిల్వ చేసుకునే వ్యవధి) ముట్టుకున్నాను. మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది, 1500 చేశాను. మొదటి రోజే దీన్ని పెంచేసి ఉంటే సగం తెగుళ్ళు కప్పబడిపోయేవి, కారణాలు అలాగే ఉండిపోయేవి. బఫర్ చివర్లో ముట్టుకోవాల్సిన మీట. పెంచేకొద్దీ పాట ఆపమంటే ఆగడానికి అంతసేపు పడుతుంది, అందుకే ఇంకా పెంచలేదు.

హాలుకీ వంటింటికీ మధ్య గుమ్మంలో నిలబడితే కొంచెం ప్రతిధ్వని వినిపించేది. హాల్లో డాక్ బోర్డు, వంటింట్లో డాక్ వేర్వేరు కాబట్టి ఆలస్యంలో చిన్న తేడా. స్నాప్‌కాస్ట్‌లో ఒక్కో స్పీకర్‌కి విడిగా ఆలస్యం సర్దుకునే వీలుంది. తాళం మాత్రమే ఉన్న పాట పెట్టి, గుమ్మంలో నిలబడి, వంటింటి అంకెను కొద్దికొద్దిగా మారుస్తూ పోతే రెండు చప్పుళ్ళూ ఒకటయ్యాయి.

మిగిలినవి: మేడ మీది రాస్ప్‌బెర్రీ పైకి పాత గొట్టంలోంచి వైరు లాగాలి, వానలు గట్టిగా పట్టకముందే. వీధి అరుగు మీద ఇంకో స్పీకర్ కావాలని నాన్న అడిగారు. అక్కడ బాక్సు నుంచి రెండు గోడలు అడ్డం, వైఫై కొలిచి చూశాకే చెబుతానన్నాను. క్యాలెండర్ గడుల్లో ఈ వారం పాల లెక్క తప్ప వేరే అంకెలు లేవు. జూలై పేజీలో కూడా రాస్తూ ఉండమని అమ్మకి చెప్పాను.